కంపెనీ కండిషన్

బానెట్ ఎత్తగానే ముందు ఎలుక దూకింది, తరవాత వాసన వచ్చింది. ఎనిమిదేళ్లు కదలని జీపు కదా, ఇంజను మీద ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, మనవల్ని కూడా ఎత్తాయి. ఆ ఆవరణ మొత్తంలో ఒంటరిగా ఉన్నది నేనొక్కణ్ణేనన్నమాట. మొదటిరోజు బానెట్ మూసేసి లోపలికొచ్చి పడుకున్నాను. ఇది నావల్లయ్యే పని కాదనుకున్నాను. మర్నాడు మళ్లీ ఎత్తాను. ఎత్తక చేసేదేముంది? నర్సీపట్నంలో అరవై దాటిన బ్రహ్మచారికి పొద్దుట కాఫీ అయ్యాక రాత్రి భోజనం దాకా ఇంకో పనేమీ ఉండదు.

నేను బీఏ ప్యాసై స్టీరింగు పట్టుకున్నవాణ్ణి. ఈ జీపునే ఇరవై ఏళ్లపైన నర్సీపట్నం నుంచి కొండమీది సంతకి సర్వీసు తిప్పాను. పెళ్లి కుదరలేదు. ఎందుకు కుదరలేదో చెప్పమంటే చెప్పేవాణ్ణే గానీ, అడిగేవాళ్లు కూడా ఇప్పుడు మిగల్లేదు. ఎనిమిదేళ్ల కిందట అమ్మకి పక్షవాతం వచ్చింది. అదే నెలలో జీపుకి ఇంజను పట్టేసింది. మంచాన పడ్డవాళ్లు ఇద్దరు, చూసేవాణ్ణి నేనొకణ్ణి. అమ్మని చూసుకున్నాను, జీపుని షెడ్డులో పడేశాను. ఈలోగా ఘాటీ రోడ్డు నిండా షేర్ ఆటోలు, కొత్త వ్యాన్లు వచ్చేశాయి. అమ్మ పోయేసరికి నా సర్వీసు సంగతి ఎవరికీ గుర్తులేదు. వీధిగది మందుల షాపుకి అద్దెకిచ్చి కాలక్షేపం చేస్తున్నాను. పాలవాడితో రెండు మాటలు, టీకొట్టులో నాలుగు మాటలు, అక్కడితో నా నోటికి ఆ రోజు డ్యూటీ దిగిపోయినట్టే.

అలాంటిది కిందటి శీతాకాలంలో బస్ కాంప్లెక్స్ దగ్గర ఎవరో అమ్మాయి "డ్రైవర్ తాతా" అని వెనకనుంచి పిలిచింది. పిలిచింది నన్నేనని తెలుసుకోవడానికి కాస్త టైము పట్టింది. కాలేజీలో చదువుతోందట. చిన్నప్పుడు వాళ్ల మామ్మ ఒళ్లో కూర్చుని నా జీపులో సంతకి వచ్చేదట. "మా మామ్మ ఇప్పటికీ సంతరోజున మలుపుకాడ కూసుంటాది తాతా," అంది. "నువ్వొస్తానన్నావంట కదా." అంతలో బస్సు రావడంతో ఎక్కి వెళ్లిపోయింది. నేను అక్కడే సిమెంటు బెంచీ మీద కూలబడ్డాను.

ఆ మామ్మ నాకు అప్ప. ఘాటీలో ఏడో మలుపు పక్కన ఓ పది గడపల ఊరు వాళ్లది. నాకంటే బాగా పెద్దది, అక్క వరస. అప్పా అని మొదట ఎప్పుడు పిలిచానో గుర్తులేదు. ఆవిడ నన్ను, బాబూ అనడానికి, బావూ అనేది; ఆటపట్టించాలంటే "ఓ బీయే బావూ" అనేది. చివరి ట్రిప్పులో బండి బాగా మూలుగుతుంటే, దీన్ని బాగుచేయించి ఇదే బండితో వస్తానప్పా అన్నాను. మాటవరసకి అన్న మాట. ఆవిడ ఆ మాట పట్టుకుని కూర్చుంది. ఈ భూమ్మీద ఒక మనిషి నాకోసం రోడ్డు మీదికొచ్చి కూర్చుంటోందని తెలిసేసరికి ఒళ్లు ఝల్లుమంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

బస్సెక్కి వెళ్లి చూసి రావచ్చు కదా అంటారేమో. ఎన్నో ఏళ్లు నేను తోలిన రోడ్డు మీద టికెట్టు కొనుక్కుని కిటికీ పక్కన కూర్చుని వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు. ఇదే బండితో వస్తానన్నాను, ఇదే బండితో వెళ్లాలి. నా జీపు వస్తుంటే అప్ప లేచి నిలబడాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

అప్ప దగ్గర ఆపడానికి నేనెప్పుడూ హారన్ కొట్టి ఎరగను. రెండు మలుపుల కింద ఉండగానే నేనొస్తున్నట్టు ఊరందరికీ తెలిసేది. ఫ్యాను చుట్టూ ఉండే రేకు సొట్టపడి, ఎత్తు ఎక్కినప్పుడల్లా రెక్కకి తగిలి కర్రుకర్రుమని గీసుకునేది. పొగగొట్టం జాయింటు లీకై ఈల వేసేది. బానెట్ కొక్కెం ఒకటి ఊడిపోయి టకటకా కొట్టుకునేది. నేను మలుపు తిరిగేసరికి అప్ప రోడ్డు మీద సిద్ధంగా ఉండేది, తలమీద చింతపండు బుట్ట, చేతిలో అడ్డాకు పొట్లం.

ఆ పొట్లంలో చిలకడదుంపలు. ఇంజను పక్కన పొగ బయటికి పోయే లావుపాటి ఇనప గొట్టం ఒకటి ఉంటుంది, మేనిఫోల్డ్ అంటాం. లోడుతో ఘాటీ ఎక్కేటప్పుడు అది పొయ్యిలా కాలుతుంది. అప్ప మొగుడు కంచె తీగ మెలిపెట్టి దానిమీద చిన్న బుట్టలాంటిది కట్టాడు. ఆయన ఆ తరవాత ఎంతోకాలం బతకలేదు, బుట్ట మాత్రం ఉండిపోయింది. నేను బానెట్ ఎత్తేవాణ్ణి, అప్ప పొట్లం అందులో పెట్టేది, సంతలో దిగేసరికి దుంపలు ఉడికిపోయేవి. ఆవిణ్ణి చూసి మిగతావాళ్లూ మొదలెట్టారు. మాడితే డ్రైవరు మెల్లగా తోలాడనీ, ఉడక్కపోతే జోరుగా తోలాడనీ నామీద పడేవారు. మొదటి దుంప మాత్రం డ్రైవరుదే. చేతులు కాలుతుంటే అటూ ఇటూ ఎగరేసుకుంటూ, స్టీరింగు ముందే కూర్చుని ఒలుచుకు తినేవాణ్ణి. పెళ్లాం చేతి వంట లేని లోటు నాకు వారానికోసారి తీరేది.

పట్టేసిన ఇంజను లోపలి పని మెకానిక్ చేశాడు. రోలుగుంట రోడ్డులో షెడ్డున్నవాడు, నన్ను బాబాయ్ అంటాడు, చెప్పింది మాత్రం ఒక్కటీ వినడు. ఇంజను తిరగడం మొదలెట్టగానే ఇంక తోలుకోండి బాబాయ్ అని చేతులు దులిపేసుకున్నాడు. నేను ఒప్పుకోలేదు. బానెట్ కింద అంతా కంపెనీ కండిషన్‌లోకి రావాలన్నాను. అంటే కంపెనీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలా, నట్టూ బోల్టూ రంగుతో సహా. చిరిగిన చొక్కాతో పెళ్లికి వెళ్లినట్టు అప్ప ముందుకి వెళ్లనన్నాను. "మూసేత్తే కనపడని సోటికి సోకెందుకండీ?" అని నవ్వాడు. ఒళ్లు మండింది. నువ్వు చెయ్యకపోతే పో, నేనే చేసుకుంటానన్నాను. చేసుకున్నాను కూడా.

చిక్కేమిటంటే, కంపెనీ నుంచి వచ్చినప్పుడు అది ఎలా ఉండేదో నాకు తెలియదు. నేను కొన్నదే సెకండ్‌హ్యాండ్‌లో. కోటవురట్లలో ఒక ఆఫీసు వెనకాల ఇదే వయసు జీపు కండెమ్ చేసి పడేశారని విని అక్కడికి వెళ్లాను. దాని మీద తీగలు పాకేశాయి, టైర్లు మట్టిలో కూరుకుపోయాయి. కానీ బానెట్ కింద ఎవరూ వేలుపెట్టలేదు. వాచ్‌మన్‌ని బతిమాలి ఫోన్లో ఫోటోలు తీసుకున్నాను. ఏ పైపు ఎటునుంచి ఎటు వెళ్లింది, ఏ వైరు ఏ క్లిప్పుకింద ఉంది, బ్యాటరీ కింద రేకు ఎలా వంగింది, అన్నీ. పెళ్లిసంబంధం చూడ్డానికి వెళ్లినప్పుడు కూడా అంత శ్రద్ధగా చూడలేదు నేను. ఒకవేళ అందుకే కుదరలేదేమో!

వేసవి మొదలయ్యాక విప్పడం మొదలెట్టాను. ట్యూబు ముక్కలు చుట్టిన రబ్బరు పైపులు, సైకిలు చెయినుతో కట్టిన బ్యాటరీ, లారీ హారను, దేనికి పెట్టానో నాకే గుర్తులేని రెండు స్విచ్చులు. ఇంజను అదరకుండా ఒకచోట హవాయి చెప్పు ముక్క కోసిపెట్టాను. ఆ చెప్పు ఒక పెళ్లికొడుకుది. ఘాటీలో బండి ఆగిపోతే తనే విప్పి ఇచ్చాడు, ఒంటి చెప్పుతో పెళ్లికి వెళ్లాడు పాపం. ఆ ముక్క చేతిలోకి తీసుకుని నవ్వుకున్నాను. పైకే నవ్వాను. షెడ్డులో ఆ నవ్వు నాకే వింతగా వినపడింది. ఎవరితోనైనా చెబుదామని అటూ ఇటూ చూశాను కూడా. చెప్పు ముక్కని పాత సామానులో పడేసి, కంపెనీ రకం రబ్బరు బిగించాను.

కిరసనాయిలు, వైరు బ్రష్షు, ఎమరీ పేపరు. పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నానికి జానెడు మేర శుభ్రమయ్యేది. వేళ్ల కణుపులు లేచిపోయాయి. ఇంజనుకీ డ్రైవరు కాళ్లకీ మధ్య ఉండే రేకు గోడ మీద నేను వేయించిన నీలం కింద ఎరుపు, ఎరుపు కింద ఇంకెవరిదో పసుపు. అసలు రంగేదో అంతుపట్టక తల పట్టుకున్నాను. చివరికి నంబరు కొట్టిన చిన్న పలక విప్పితే దాని వెనక దొరికింది, అగ్గిపెట్టెంత చోటులో, లేత బూడిదా ఆకుపచ్చా కలిసిన రంగు. తయారైన రోజునుంచి దాన్ని చూసిన మనిషి లేడు. ఆ పలక పట్టుకుని రంగుల షాపుకి పరిగెత్తాను. షాపువాడు కలిపినదాన్ని మూడుసార్లు తిప్పికొట్టాను. నాలుగోసారి అతనే విసుక్కుని, ఇంతకీ ఎవరు చూడాలండీ అన్నాడు. చూసేవాళ్లున్నారులే అన్నాను. ఆ మాట అనడం ఎంత బాగుందో చెప్పలేను.

ఒక్కో మోతా ఆగుతుంటే నాకు గర్వంగా ఉండేది. ఫ్యాను రేకు సొట్ట తీయించాను, గీసుకోవడం పోయింది. పొగగొట్టం జాయింటులో కొత్త గాస్కెట్ వేశాను, ఈల పోయింది. బానెట్‌కి రెండు పక్కలా కొక్కేలు బిగించాను, టకటక పోయింది. మెకానిక్‌ని పిలిచి వినిపించాను. ఈసారి వెక్కిరించలేదు. కొత్త బండిలాగుందండీ బాబాయ్ అని మెచ్చుకున్నాడు. పొంగిపోయి అతనికి బిర్యానీ తినిపించాను.

తీగ బుట్టని ఆఖరున తీశాను. నల్లగా కమురుపట్టి, మేనిఫోల్డుకి అతుక్కుపోయి ఉంది. కటింగ్ ప్లేయరు పట్టుకుని కాసేపు ఆలోచించాను, లేదనను. కానీ కోటవురట్ల జీపుకి అది లేదు. కంపెనీ ఇచ్చింది కాదు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకుని కత్తిరించేశాను. అప్పకి తరవాత మంచి స్టీలుది చేయిద్దామనుకున్నాను. మా వీధిలో పాత ఇనుముకి ఉల్లిపాయలిచ్చే బండి వస్తుంది. విప్పిన సామానంతా అందులో వేసేశాను. ఆ వారమంతా ఉల్లిపాయల పులుసే.

సంతరోజు తెల్లారగానే బయల్దేరాను. ఉతికిన చొక్కా వేసుకున్నాను. కృష్ణదేవిపేట దాటాక టీ తాగడానికి ఆగితే ఇద్దరు కుర్రాళ్లు బానెట్ ఎత్తమని అడిగి ఫోటోలు దిగారు. జీపు చక్కెర మిల్లు దొరగారి కారులా పోతోంది. ఘాటీ మొదలైంది. మలుపులు లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. నవ్వొస్తోంది, ఈ వయసులో ఇదేం పిచ్చి అనిపిస్తోంది. ఏడో మలుపు తిరిగాను.

అప్ప ఉంది. పిట్టగోడ మీద కూర్చుంది. బాగా చిక్కిపోయింది, జుట్టంతా తెల్లబడింది. ఒళ్లో అడ్డాకు పొట్లం. నేను స్పీడు తగ్గించాను. ఆవిడ మొహం నావైపు తిప్పింది. మళ్లీ కింది రోడ్డువైపు తిప్పేసుకుంది. లేవలేదు. నేను వెళ్లి సరిగ్గా ఆవిడ ముందు ఆపాను. చేత్తో ముందుకు పొమ్మన్నట్టు ఊపింది.

"ఎల్లిపో బావూ. నానెక్కను. నా బండి ఎనకొస్తాది."

బావూ అని ఆవిడ అందర్నీ అంటుందని నాకప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ అది నా ఒక్కడి పిలుపనుకున్నాను. ఆవిడ కళ్లకేసి చూశాను. రెండిటి మీదా తెల్లటి పొర. మనవరాలు ఆ సంగతి చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంజను ఆపేసి దిగాను. అప్పా, నేనే అన్నాను.

గొంతు గుర్తుపట్టింది. "బీయే బావువా?" అని చెయ్యి చాపింది. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని వేళ్లన్నీ తడిమింది. అమ్మ ఎలా ఉందని అడిగింది, పోయిందంటే తల మీద చెయ్యి వేసింది. ఎందులో వచ్చినావని అడిగింది. మన జీపులోనే అన్నాను. నమ్మలేదు. ఎవరి బండో అడిగి తెచ్చి తనని ఆటపట్టిస్తున్నాననుకుంది. చెయ్యి పట్టుకుని జీపు దగ్గరికి నడిపించాను. బానెట్ ఎత్తాను. నెలల తరబడి నేను రుద్దిన రేకు, నేను వెతికి పట్టుకున్న రంగు, ఎక్కడివక్కడ బిగించిన వైర్లు, అంతా ఎండలో తళతళ మెరుస్తోంది. ఆవిడ వాటి దేనివైపూ మొహం తిప్పలేదు. అరచెయ్యి కిందికి పెట్టి, వేడి తగలగానే ఆపింది. అక్కడినుంచి వేళ్లతో గాల్లోనే మెల్లగా వెతికింది.

"తీగ బుట్టేదీ?"

తీసేశానప్పా అన్నాను. ఎక్కడెట్టావంది. ఉల్లిపాయల బండి సంగతి చెప్పలేకపోయాను. పోయిందన్నాను. అప్ప చెయ్యి వెనక్కి తీసుకుంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే, పాతరోజుల్లోలా నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. "పోన్లే. కొత్త బండి బాగుంటాది," అంది, చుట్టాలింటికి వచ్చినవాడితో అన్నట్టు.

రా అప్పా, సంతకి తీసుకెళ్తాను, ముందు సీట్లో కూర్చో అన్నాను. బతిమాలాననే చెప్పాలి. తల అడ్డంగా ఊపింది.

"నానిప్పుడు సంతకెల్లడం నేదు బావూ. ఆ మోత ఇందామని కూసుంటాను."

పొట్లం నా చేతిలో పెట్టి, ఇంటికెళ్లి ఉడకబెట్టుకు తినమంది. నేను జీపు వెనక్కి తిప్పుకున్నాను. మలుపు తిరిగేముందు అద్దంలో చూశాను. అప్ప పిట్టగోడ పట్టుకుని లేచింది. నాకోసం కాదు. కర్ర తడుముకుంటూ ఊరిలోకి నడిచింది. సంత జీపులు వచ్చే వేళ ఇంకా దాటలేదు. వస్తానన్నవాడు వచ్చేశాడు, ఆ బండి ఇంక రాదని తేలిపోయింది, ఇంక ఆవిడ అక్కడ కూర్చోవలసిన పనిలేదు. నాకోసం రోడ్డు మీద కూర్చునే ఒక్క మనిషినీ నా చేతులతో నేనే ఇంట్లోకి పంపించేశాను. దిగుతున్నంతసేపూ ఇంజను కిక్కురుమనలేదు. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

నర్సీపట్నం వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పొట్లం పక్కసీట్లో పచ్చిగానే ఉంది. గ్యాసు పొయ్యి మీద పెడితే అరగంటలో ఉడికేవి. పెట్టబుద్ధి కాలేదు. హార్డ్‌వేరు షాపులో కట్టుడు తీగ కొని, షెడ్డులో కూర్చుని బుట్ట అల్లాను. నాకు రాని పని, రెండుసార్లు ఊడిపోయింది. వెండిరంగు వేసిన మేనిఫోల్డు మీద దాన్ని బిగించి, అప్ప పొట్లం అందులో పెట్టి, బానెట్ మూసి, ఇంజను స్టార్ట్ చేశాను. గేరు వెయ్యలేదు. స్టీరింగు ముందు కూర్చుని ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూ ఉన్నాను.

మందుల షాపతను పొగకి దగ్గుతూ వచ్చి, ఎక్కడికండీ బయల్దేరారు అని అడిగాడు. ఎక్కడికీ లేదన్నాను. మరి ఇంజనెందుకు ఆన్‌లో ఉంచారన్నాడు. వంట అవుతోందన్నాను. నావైపు ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా వెళ్లిపోయాడు.

సాయంత్రం ఎండ గోడ దిగేదాకా ఇంజను తిరుగుతూనే ఉంది. అప్పుడు ఆపి, బానెట్ ఎత్తి పొట్లం విప్పాను. నిలబడ్డచోటే తిరిగే ఇంజను అంతగా కాలదు, అది డ్రైవరుగా నాకు తెలిసిన సంగతే. దానికి కొండ కావాలి, వెనక ఇరవైమంది మనుషుల బరువు కావాలి. ఆకు పైన కాస్త వాడింది. దుంపలు గోరువెచ్చగా ఉన్నాయి, లోపల పచ్చివే. మొదటి దుంప డ్రైవరుదే కాబట్టి ఒలుచుకుని కొరికాను. కరకరలాడింది. మెల్లగా నమిలి, అన్నీ తినేశాను.